ఏడు దీవుల డ్యూటీ చార్టు

డిపోలో ఆయన్ని అందరూ ఎనిమిదో నంబరు అనేవారు. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఎనిమిదో నంబరు బస్సే నడిపాడు. మార్కెట్టు నుంచి ఆస్పత్రి, ఆస్పత్రి నుంచి పొడుగు వంతెన, వంతెన దాటితే ఫ్యాక్టరీ గేటు. మళ్ళీ వెనక్కి. రోజుకు ఆరు ట్రిప్పులు. గానుగెద్దు కూడా ఇంత నమ్మకంగా తిరగదని పాత మెకానిక్ అనేవాడు.

రిటైరై నాలుగు నెలలైంది. బస్సు పోయింది, నంబరు మిగిలింది. వీధిలో కూరలమ్మే ఆమె కూడా, "ఏం ఎనిమిదిగారూ, ఇవాళ సంచీ మర్చిపోయారా?" అంటుంది. ఆయన తల ఊపుతాడు. మాట తక్కువ మనిషి.

ఆయన భార్యది ఆస్పత్రి లాండ్రీలో పని. లాండ్రీ నేలకింద ఉంది. కిటికీ లేదు. పై అంతస్తుల నుంచి ఒక గొట్టంలోంచి దుప్పట్లు జారిపడుతుంటాయి. ఉతకడం, ఆరబెట్టడం యంత్రాల వంతు. మడతపెట్టడం మనుషుల వంతు. దుప్పటికి అటుకొసన ఒకరు, ఇటుకొసన ఒకరు నిలబడాలి. ఇరవై ఆరేళ్ళుగా ఆవిడ ఇటుకొసనే ఉంది. అటుకొసన మనుషులు మారుతూ వచ్చారు.

రోజూ పొద్దున మొదటి ట్రిప్పులో ఆవిడ మొగుడి బస్సే ఎక్కేది. ఆస్పత్రి దగ్గర దిగి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయేది. ఇప్పుడు ఆయన స్కూటరు మీద దింపుతున్నాడు. ఎనిమిదో నంబరుకు కొత్తగా వచ్చినవాడు మలుపులు బాగా తిప్పడట.

లాండ్రీలో ఒక కట్టుబాటు ఉంది. పదిహేను రోజుల పెద్ద సెలవు ఒకసారి ఒక్కరికే. వంతు నాలుగేళ్ళకోసారి వస్తుంది. ఎవరి తేదీలు వాళ్ళు ఫలానా శనివారం లోపల రాసివ్వాలి. ఆవిడ తన వంతులన్నీ ఇప్పటిదాకా పక్కవాళ్ళకు ఇచ్చేసింది. తాను వెళ్ళే చోటేదీ లేదు కనక. ఈసారి మాత్రం ఇవ్వనంది. "మళ్ళీ నాలుగేళ్ళకు నా మోకాళ్ళు ఎవరి వంతులో ఉంటాయో," అంది.

ఒక సాయంత్రం ఆయన ముందు రంగురంగుల పుస్తకం ఒకటి పెట్టింది. అట్ట మీద తెల్లటి ఓడ. ఓడంటే ఓడ కాదు, నీళ్ళ మీద నిలబెట్టిన వీధి.

"ఓడెక్కుదామండీ," అంది.

"ఎక్కడికి?"

"ఎక్కడికని కాదు. ఓడలో ఉండటానికే."

డబ్బు సంగతి ఆవిడ అప్పటికే చూసుకుంది. ఆ లెక్క ఈ కథలోకి రాదు.

పుస్తకంలో ఊరి రేవు నుంచే ఎండ దేశపు దీవులకు వెళ్ళే ఓడలు రెండున్నాయి. ఒకటి ఏడు రోజుల్లో ఏడు దీవులు చూపిస్తుంది. రెండోది తొమ్మిది రోజులు తిరుగుతుంది కానీ ఆగేది రెండు దీవుల దగ్గరే. మధ్యలో అయిదు రోజులు అచ్చంగా సముద్రం. ఆ పేజీ మూల ఆవిడ ముందే మడిచిపెట్టుకుంది.

"అయిదు రోజులు నీళ్ళ మధ్య ఏం చేస్తావు?" అన్నాడు.

"ఏమీ చెయ్యను. కుర్చీలో కూర్చుంటా. ఎటు చూసినా గోడ ఉండకూడదు. ఒడ్డు కూడా కనబడకూడదు. ఒడ్డు కనబడితే పని గుర్తొస్తుంది."

ఆయన పేజీ తిప్పాడు. ఏడు దీవుల బొమ్మల మీద వేలు పెట్టాడు. "ఎలాగూ ఓడెక్కుతున్నప్పుడు రెండే చూడటం ఎందుకు? ఏడు చూడొచ్చుగా."

ఆవిడకు ఆశ్చర్యం వేసింది. పక్క వీధిలో పెళ్ళి జరిగినా వెళ్ళి చూడని మనిషికి ఏడు దీవుల మీద మోజేమిటి?

మోజు కాదు. భయం. ఆ భయం వయసు పందొమ్మిదేళ్ళు. దాని సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు.

అది మధ్యాహ్నం ట్రిప్పు. కడుపునిండా తిని బస్సెక్కాడు. ఎండ మండిపోతోంది. పొడుగు వంతెన గీత గీసినట్టు ఉంటుంది. మలుపు లేదు, స్టాపు లేదు. బస్సులో నలభై ముగ్గురున్నారు. వంతెన ఎక్కడం గుర్తుంది. మూడో దీపస్తంభం దాటడం గుర్తుంది. తర్వాత అయిదో స్తంభం. మధ్యలో నాలుగోది లేదు.

బస్సు తన వరసలోనే ఉంది. ఎవరికీ ఏమీ కాలేదు. వెనక ఎవరో నవ్వుతున్నారు. ఎవరో చిల్లర కోసం కండక్టరుతో గొడవపడుతున్నారు. ముందు సీట్లో ముసలావిడ ఒకామె, "బాబూ, నా స్టాపు వస్తే చెప్పు," అంది. ఆయన చెప్పాడు. ఆమె దిగి దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది. ఆ దణ్ణానికి ఆయన ఒళ్ళంతా చెమటలు పట్టాయి.

ఆ రోజు నుంచి మధ్యాహ్నం ట్రిప్పు ముందు అన్నం ముట్టలేదు. క్యారియరు నాలుగింటికి, డ్యూటీ దిగాక విప్పేవాడు. ఆ రోజు నుంచే ఇంకొకరు నడిపే బండి కూడా ఎక్కలేదు. బస్సు గానీ, రైలు గానీ, కారు గానీ. ప్రతి డ్రైవరూ తనలాంటి మనిషే అని ఆయనకు తెలుసు. సెలవు రోజుల్లో పక్కవాళ్ళ డ్యూటీలు తానే ఎక్కేవాడు. ఊరికి రమ్మని ఎవరు పిలిచినా ఏదో ఒక పని అడ్డుపెట్టేవాడు. అలా స్కూటరు వెళ్ళినంత దూరమే ఆ ఇద్దరి లోకమైంది. దీనికంతటికీ కారణం తన దగ్గరే పెట్టుకుని, తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు.

ఇప్పుడు ఓడ. తప్పించుకుందామంటే ఆవిడ మొహం అడ్డొచ్చింది. పుస్తకం అట్ట మీద ఆవిడ అరచేయి పెట్టి మాట్లాడుతుంటే, వద్దనడానికి నోరు రాలేదు. అందుకని డ్రైవరు బుర్రతో ఆలోచించాడు. ఓడ ఎన్ని చోట్ల ఆగితే అంత మంచిది. ఎంత తక్కువ నడిస్తే అంత మంచిది.

గీతల పుస్తకం తెచ్చి, స్కేలు పెట్టి, డిపోలో రాసినట్టే డ్యూటీ చార్టు రాశాడు. పుస్తకంలో ఓడవాళ్ళు ఏ రోజు ఏ దీవో మాత్రమే వేశారు, వేళలు వెయ్యలేదు. వేళలు తానే వేశాడు. ఉదయం ఏడింటికి బయలుదేరుట. పది గంటలకు టీ. పన్నెండింటికి దీవి చేరుట. మధ్యాహ్నం దీవి చూచుట. సాయంత్రం ఓడకు తిరిగి వచ్చుట. చివరి గడిలో ఎర్ర పెన్సిలుతో, నైట్ హాల్టు. ఏడు రోజులకు ఏడు ఎర్ర గడులు.

ఆ ఎర్ర గడులే ఆయన ధైర్యం. చీకటిపడితే ఓడను తాళ్ళతో రేవుకు కట్టేస్తారు. నడిపేవాడు వెళ్ళి పడుకుంటాడు. ఇక పగలంటారా, అయిదు గంటలు. ఆ అయిదు గంటలూ తాను రెప్ప వెయ్యకుండా చూసుకోగలడు. బస్సు రాత్రికి డిపోకి వస్తుంది. ఓడయినా అంతే. దీంట్లో ఒకర్ని అడగాల్సిందేముంది?

పాత మెకానిక్ ఒకరోజు టీకి వచ్చాడు. చార్టు చేతిలోకి తీసుకుని కళ్ళజోడు సర్దుకున్నాడు.

"టీ కూడా రాశావే బావా. మరి పంచరైతే?"

"ఓడకు టైర్లుండవు."

"ఎందుకుండవు? పక్కన వేలాడుతుంటాయిగా, నేను చూశాను."

"అవి గోడకు తగలకుండా కట్టినవిరా."

"ఏమో బావా, దారిలో ఒక్క సిగ్నలు లేదు, అడ్డంగా వచ్చే ఆటో లేదు, తిట్టడానికి ఒక్క వెధవ దొరకడు. నీకు ఊపిరాడదు." చార్టు తిరిగి ఇస్తూ, "చెల్లెమ్మకు చూపించావా?" అన్నాడు.

చూపించలేదు. కానీ ఆ సాయంత్రం ఆవిడే చూసింది. నిలబడే చదివింది. చదవడం అయ్యాక కూర్చుంది.

"రోజూ ఆరింటికే లేవాలా?"

"ఏడింటికి బయల్దేరాలంటే మరి..."

"ఇందులో నా కుర్చీ ఎక్కడుందండీ?"

"దీవిలో కూర్చో. గంటన్నర ఖాళీ పెట్టాను, ఇదిగో."

"దీవిలో కూర్చోడానికి ఓడెందుకు? చెరువు గట్టు చాలదూ?" ఆవిడ గొంతు లేచింది. "నాకు కావాల్సింది నడి సముద్రమని నెల రోజుల నుంచి చెబుతున్నా. అసలు ఆ ఏడు దీవుల మీద మీకేమిటంత పట్టుదల? ఒక్క కారణం చెప్పండి."

ఆయన ఎర్ర పెన్సిలు తీసి జేబులో పెట్టుకున్నాడు. గోడ వైపు చూశాడు. ఆవిడ ఎదురుచూసింది.

చివరికి ఆవిడే తగ్గింది. "సరే. ఇన్నేళ్ళలో మీరు నన్ను ఇది కావాలని అడిగిందే లేదు. అడక్క అడక్క ఇదొక్కటి అడిగారు. ఏడు దీవులదే కానివ్వండి."

ఆవిడ మడిచిన పేజీ మూలను వేలితో సాపు చేసింది. ఆవిడ చేతులు మడతలు పెట్టే చేతులు. మడత విప్పడం ఆయన చూడటం అదే మొదటిసారి. చెబుదామా అనుకున్నాడు. ఆవిడ అప్పటికే వంటింట్లోకి వెళ్ళింది.

తేదీలు రాసివ్వాల్సిన శనివారం వచ్చింది. ఇద్దరూ స్కూటరు మీద టిక్కెట్ల ఆఫీసుకు వెళ్ళారు. మందుల షాపు పైన చిన్న గది. గోడకు దీవుల బొమ్మలు. బల్ల వెనక కూర్చున్న అమ్మాయికి జలుబు చేసింది. ముక్కు తుడుచుకుంటూనే ఇద్దరికీ కుర్చీలు చూపించింది.

"ఏడు దీవులదేగా ఆంటీ? ఫోన్లో రెండు దీవులదన్నారు."

"ఈయనకు ఇది నచ్చింది," అంది ఆవిడ.

ఆయన జేబులోంచి చార్టు తీసి బల్ల మీద పరిచాడు. "ఈ వేళలు సరిపోయాయేమో ఒకసారి చూడమ్మా. అయిదు నిమిషాలు అటూ ఇటూ అయినా పరవాలేదు."

ఆ అమ్మాయి మొదట నవ్వబోయింది. తర్వాత వంగి శ్రద్ధగా చదివింది. "అంకుల్, ఎంత నీటుగా రాశారు! మా ఆఫీసులో కూడా ఇలా రాసేవాళ్ళు లేరు. కానీ..." ఆగింది. "ఇది తిరగబడింది."

"ఏది?"

"మొత్తం. ఓడ పగలు నడవదు అంకుల్. పొద్దున్నే దీవి దగ్గర ఆగుతుంది. మీరంతా దిగి తిరిగొస్తారు. సాయంత్రం అయిదింటికి బయల్దేరి రాత్రంతా నడుస్తుంది."

"రాత్రంతా?"

"అదే కదా మజా! ఇక్కడ పడుకుంటారు, అక్కడ లేస్తారు."

"ఏడు రాత్రులూ?"

"ఏడూ."

"మరి నైట్ హాల్టు?"

"అంటే?" అంది ఆ అమ్మాయి.

ఆవిడకు నవ్వు తన్నుకొచ్చింది. "ఓడను తీసుకెళ్ళి డిపోలో పెట్టేశారమ్మా ఈయన! రేపు పొద్దున కడిగి, డీజిలు కొట్టి తెస్తారు!" పొట్ట పట్టుకుని నవ్వింది. జలుబమ్మాయీ నవ్వింది. ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ మొగుడి వైపు తిరిగింది. నవ్వు ఆగిపోయింది.

ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. ఎర్ర గడుల మీద చేత్తో రుద్దుతున్నాడు, చెరిపేస్తున్నట్టు. లేచి, "ఇప్పుడే వస్తా," అని మెట్లు దిగిపోయాడు.

ఆవిడ వెనకే దిగింది. ఆయన కింది మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. పక్కన కూర్చుంది. మందుల షాపుకు వచ్చేవాళ్ళు వాళ్ళను తప్పుకుని వెళ్తున్నారు.

"ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉంది."

"మరి?"

ఆయన చెప్పాడు. మూడో స్తంభం, అయిదో స్తంభం. చెప్పడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

"నలభై ముగ్గురూ దిగారా?" అని అడిగింది.

"దిగారు."

"ఎవరి స్టాపులో వాళ్ళు?"

"ఆఁ."

ఆవిడ రోడ్డు వైపు చూసింది. లోపల ఏవో ఒకదాని వెనక ఒకటి వచ్చి పడుతున్నాయి, లాండ్రీ గొట్టంలోంచి పడ్డట్టు. "మా చెల్లెలి పురిటికి నన్నొక్కదాన్నే రైలెక్కించింది ఇందుకా?"

"ఊఁ."

"అన్నం నాలుగింటికి తినడం?"

"ఊఁ."

"నా వంట నచ్చక, చల్లారితే రుచి తెలియదని అలా తింటున్నారనుకున్నా. పందొమ్మిదేళ్ళు." ఆవిడ ఆయన వైపు తిరిగింది. జాలితో కాదు, కోపంతో. "నన్ను ఇంట్లో కూర్చోబెట్టింది ఆ రెండు సెకన్ల కునుకా? నాకొక మాట చెప్తే మీ సొమ్మేం పోయేది?"

"ఎలా చెప్పను?" అన్నాడాయన. "రోజూ నా బస్సెక్కేదానివి. చెప్పాక ఎక్కేదానివా?"

ఆవిడ నిజంగానే ఆలోచించింది. అబద్ధం చెప్పే వేళ కాదని ఆవిడకూ తెలుసు.

"ఒకటి రెండు రోజులు ఎక్కేదాన్ని కాదేమో," అంది. "తర్వాత ఎక్కేదాన్ని. మీ వెనక సీట్లో కూర్చుని, దిగేదాకా వాగుతూనే ఉండేదాన్ని. నా వాగుడు వింటూ నిద్రపోయేవాడు ఇంకా పుట్టలేదు."

ఆయన నవ్వలేదు. కానీ భుజాలు కొంచెం కిందికి దిగాయి.

"ఇంటికి పోదాం పదండి," అంది. "సెలవు ఎవరికో ఒకరికి ఇచ్చేస్తాను. కొత్తేం కాదుగా."

ఆవిడ ఆ మాట దెప్పుతూ అనలేదు. రోజూ అనే మాటలాగే అంది. అదే ఆయన తట్టుకోలేకపోయాడు. మోకాలి మీద చెయ్యి వేసుకుని లేచాడు. స్కూటరు వైపు పోలేదు. మెట్లెక్కాడు.

జలుబమ్మాయి ఇంకా చార్టే చూస్తోంది.

"ఓడను రాత్రిళ్ళు ఎవరు నడుపుతారమ్మా?"

"అంటే, కెప్టెన్..."

"ఒక్కడేనా? ఎన్ని గంటలు డ్యూటీ? మధ్యలో పడుకోనిస్తారా?"

ఇరవై నాలుగు రకాల గదుల గురించి అడిగితే చెప్పగలదు గానీ, ఆ అమ్మాయిని ఇంతవరకూ ఎవరూ ఇది అడగలేదు. ఎవరికో ఫోన్ చేసింది. ఆ ఎవరో ఇంకొకరిని అడిగారు. ఆయన నిలబడే ఉన్నాడు. ఆవిడ వచ్చి గుమ్మం దగ్గర ఆగింది.

"అంకుల్, నడిపే గదిలో రాత్రిపూట ఒక్కరే ఉండరట. ఆఫీసరొకరు, పక్కన చీకట్లోకి చూస్తూ ఇంకొకరు. నాలుగు గంటలు డ్యూటీ, ఎనిమిది గంటలు విశ్రాంతి."

"నాలుగే?" ఆయన గొంతులో భయం కన్నా అసూయ ఎక్కువ వినబడింది. "మాకు ఎనిమిదిన్నర ఉండేది."

"వాళ్ళ యూనియన్ గట్టిదేమో అంకుల్."

"ఒకడికి కునుకు పడితే?"

"రెండోవాళ్ళు లేపుతారు. నడిపే గదిలో కాసేపు ఎవరూ కదలకపోతే గంట కూడా మోగుతుందట."

"మంచి పని," అన్నాడు. అలాంటి గంట ఒకటి ఉంటుందని ఆయనకు ఇన్నేళ్ళూ తోచలేదు. కుర్చీలో కూర్చున్నాడు. గంట సంగతి విన్నంత మాత్రాన భయం పోలేదు. పోతుందని ఆయన అనుకోనూ లేదు.

"అయితే ఏడు దీవులదే రాసెయ్యనా?"

"కాదమ్మా. రెండు దీవులది."

ఆ అమ్మాయి ముక్కు తుడుచుకోవడం ఆపింది. "దాంట్లో రాత్రిళ్ళే కాదు అంకుల్. అయిదు రోజులు పగలు కూడా ఆగదు."

"తెలుసు."

"నా కోసం మీరు..." అంటూ ఆవిడ గుమ్మం దగ్గర నుంచి ముందుకు వచ్చింది.

"నీ కోసమని ఎవరన్నారు?" అన్నాడాయన. "ఏడుచోట్ల ఆగితే ఏడుచోట్లా మళ్ళీ బయల్దేరాలి. బయల్దేరినప్పుడల్లా నేను కొత్తగా భయపడాలి. ఇదైతే ఇక్కడొకటి, దీవుల దగ్గర రెండు, మూడుసార్లతో సరి."

ఆవిడ పక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ లెక్కలో అబద్ధమెంతో నిజమెంతో ఆవిడ తరచి చూడలేదు.

అమ్మాయి కాగితాలు నింపుతోంది. బాల్కనీ ఉన్న గది కావాలా అని అడిగింది. కావాలంది ఆవిడ. తర్వాత మొగుడి వైపు కొంచెం వంగి, గొంతు తగ్గించింది. "రాత్రిళ్ళు ఏం చేస్తారు మరి?"

"మేలుకుంటా."

"తొమ్మిది రాత్రులూనా?"

"ఏమో."

"మొదటి రాత్రి మీతోపాటు నేనూ మేలుకుంటా. రెండో రాత్రి నుంచి మీ ఖర్మ. నేను పడుకుంటా."

"నువ్వు పడుకుంటే గురక పెడతావు. ఆ మోతకు ఓడ నడిపేవాడు కూడా నిద్రపోడు," అన్నాడు.

జలుబమ్మాయి తల వంచుకుని, నవ్వు బిగబట్టి, సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించింది. ఆయన పెట్టాడు. కలం ఆవిడకు ఇచ్చాడు.